టికెట్టు ఒకరిది, పండగ ఊరిది: లాటరీ సినిమాల వెనక లెక్క

క్లుప్తంగా

అమెరికన్ సినిమా ‘జెర్రీ అండ్ మార్జ్ గో లార్జ్’ (2022)లో చూపించిన లాటరీ ఉపాయం కల్పితం కాదు. ఆట నిబంధనల్లో ఉన్న ఒక వెసులుబాటును లెక్కగట్టి, వేలకు వేలు టికెట్లు కొన్న ఒక విశ్రాంత దంపతుల బృందం తొమ్మిదేళ్లలో సుమారు 2.7 కోట్ల డాలర్ల బహుమతులు గెలుచుకుంది. అయితే ఆ లెక్క భారీగా కొనేవారికి మాత్రమే పనిచేస్తుంది, ఆ సొమ్ము అంతకుముందు వారాల్లో ఓడినవారి నుంచి వచ్చినదే. ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ టికెట్ల అమ్మకం నిషిద్ధం. అమ్మకాలు సాగే కేరళలో కూడా బహుమతుల అమరిక, పన్ను విధానం వేరు కాబట్టి అక్కడా ఈ ఉపాయం పారదు.

కొనలేని టికెట్టు, తెలిసిన కథ

జగదాంబ జంక్షన్ నుంచి గాజువాక దాకా ఎంత తిరిగినా విశాఖపట్నంలో చట్టబద్ధంగా లాటరీ టికెట్టు అమ్మే దుకాణం ఒక్కటి కనిపించదు. పొరుగున ఉన్న తెలంగాణలో, ఇంకాస్త దిగువన తమిళనాడు, కర్ణాటకల్లో కూడా ఇదే పరిస్థితి. అయినా లాటరీ తగిలిన మామూలు మనుషుల కథ ఇక్కడి ప్రేక్షకుడికి కొత్తేమీ కాదు. 2006లో రాజేంద్రప్రసాద్ కథానాయకుడిగా వచ్చిన ‘భాగ్యలక్ష్మి బంపర్ డ్రా’ అదే ఏడాది హిందీలో ప్రియదర్శన్ తీసిన ‘మాలామాల్ వీక్లీ’కి తెలుగు రూపం. ఆ హిందీ కథ పోలికలు 1998 నాటి ‘వేకింగ్ నెడ్’ అనే సినిమాలో ఉన్నాయి. ఐర్లండ్ పల్లెలో పుట్టిన కథకు తెలుగు ఊరి చొక్కా తొడగడానికి పెద్దగా కత్తిరింపులు అవసరం కాలేదంటే, ఈ తరహా కథలో ఎక్కడైనా అతికే గుణం ఏదో ఉందన్నమాట.

ఓటీటీల ద్వారా ఇంగ్లీషు సినిమాలు ఇంటింటికీ చేరాక ఈ వరసలో ఎక్కువగా మాటల్లోకి వస్తున్నది జెర్రీ, మార్జ్‌ల కథ. బ్రయాన్ క్రాన్‌స్టన్, ఆనెట్ బెనింగ్ నటించగా డేవిడ్ ఫ్రాంకెల్ దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమా, పదవీ విరమణ తరువాత తోచక కూర్చున్న ఒక పెద్దాయన లాటరీలో లొసుగు కనిపెట్టి, ఆ లాభంతో కళ తప్పిన తన ఊరిని మళ్లీ నిలబెట్టడాన్ని చూపిస్తుంది. తుపాకులు లేవు, మోసం లేదు, చివరికి అందరూ బాగుపడతారు. చూసినవారికి సహజంగానే మూడు సందేహాలు కలుగుతాయి. ఇది నిజంగా జరిగిందా? జరిగితే నేరం ఎందుకు కాలేదు? ఇక్కడెవరైనా చేయగలరా? మూడింటికీ జవాబు ఆట నిబంధనల్లోనే ఉంది కాబట్టి ముందు ఆ నిబంధనలను చూడాలి.

రోల్‌డౌన్ అనే కిటుకు

అసలు కథ జరిగింది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఎవర్ట్ అనే, రెండు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో. అక్కడి ప్రభుత్వం 2003 నుంచి విన్‌ఫాల్ అనే లాటరీ నడిపింది. టికెట్టు ఒక డాలరు. 1 నుంచి 49 దాకా ఉన్న అంకెల్లో ఆరు ఎంచుకోవాలి. ఆరూ కలిస్తే జాక్‌పాట్, ఐదు, నాలుగు, మూడు కలిస్తే చిన్న బహుమతులు. ఆరు అంకెలు ఎవరికీ కలవని వారం జాక్‌పాట్ సొమ్ము తరువాతి డ్రాకు జమ అవుతుంది. చాలా లాటరీల్లో ఆ మొత్తం ఎవరో ఒకరు గెలిచేదాకా అలా పెరుగుతూనే పోతుంది. విన్‌ఫాల్‌లో మాత్రం ఒక తేడా పెట్టారు. జాక్‌పాట్ 50 లక్షల డాలర్లు దాటిన తరువాత కూడా ఎవరికీ ఆరు అంకెలు కలవకపోతే, ఆ మొత్తాన్ని అక్కడే ఆపి, ఐదు, నాలుగు, మూడు అంకెలు కలిసినవారికి కిందికి పంచేస్తారు. దీన్నే రోల్‌డౌన్ అన్నారు. ఆటను ఆకర్షణీయంగా మార్చడానికి చేర్చిన ఈ నియమం రహస్యం కూడా కాదు, ఆట వివరాల కాగితం మీద అచ్చువేసి ఉన్నదే.

దీని అర్థం ఏమిటో అంకెలు పరిశీలిస్తే తెలుస్తుంది. 49 అంకెల్లో ఆరూ కలిసే అవకాశం 1,39,83,816లో ఒకటి. దాన్ని నమ్ముకుని ఎవరూ ప్రణాళిక వేయలేరు. నాలుగు కలిసే అవకాశం సుమారు 1,032లో ఒకటి, మూడు కలిసే అవకాశం సుమారు 57లో ఒకటి. మామూలు వారాల్లో మూడు అంకెలకు 5 డాలర్లు, నాలుగింటికి 100 డాలర్లు వచ్చేవి. రోల్‌డౌన్ వారంలో అవి దాదాపు పదింతలై, మూడింటికి 50 డాలర్లు, నాలుగింటికి 1,000 డాలర్ల దరిదాపుల్లో ఉంటాయని ఎవర్ట్‌లో ఉండే విశ్రాంత వ్యాపారి, అంటే అసలు జెర్రీ, అంచనా వేశారు. 1,100 డాలర్లు పెట్టి 1,100 టికెట్లు కొంటే నాలుగు కలిసిన టికెట్టు ఒకటి, మూడు కలిసినవి తక్కువలో తక్కువ 18 రావాలి. ఒకటికి 1,000, పద్దెనిమిదింటికి 900, వెరసి 1,900 డాలర్లు. ఎక్కాలు వచ్చినవారెవరైనా వేయగలిగిన లెక్క ఇది.

అదృష్టం కాదు, సంఖ్యాబలం

సినిమా వేగంగా దాటేసే అంశం ఒకటుంది. పైన చెప్పిన లెక్క సగటు లెక్క. సగటు అనేది ఒకటి రెండు ప్రయత్నాల్లో తనను తాను రుజువు చేసుకోదు. 1,100 టికెట్లు కొన్నా అందులో నాలుగు కలిసిన టికెట్టు ఒక్కటీ లేకపోయే అవకాశం మూడింట ఒక వంతు పైనే ఉంటుంది. అలాంటి వారం పెట్టుబడి కూడా పూర్తిగా రాదు. ఆయన మొదటిసారి 2,200 డాలర్లు పెట్టి 50 డాలర్లు పోగొట్టుకున్నారు. లెక్క తప్పిందనుకుని మానేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. టికెట్లు తక్కువయ్యాయని గ్రహించి తరువాత 3,400 డాలర్లు పెడితే 6,300, ఆపై 8,000 పెడితే 15,700 వచ్చాయి. టికెట్ల సంఖ్య లక్షకు చేరితే నాలుగు అంకెలు కలిసేవి 97 దగ్గర ఉంటాయి, హెచ్చుతగ్గులు పదో పన్నెండో. అప్పుడు అది జూదం కంటే చిల్లర వ్యాపారానికి దగ్గరగా ఉంటుంది.

అదే రోల్‌డౌన్ వారంలో పది టికెట్లు కొన్న మనిషి సంగతి వేరు. అతనికి ఒక్క బహుమతి కూడా రాని అవకాశం నూటికి 83 దాకా ఉంటుంది. లాభసాటి వారం అందరికీ ఒకటే, లాభం మాత్రం పెట్టుబడి ఉన్నవారిదే. సినిమా పోస్టరు మీద మామూలు మనుషులు కనిపిస్తారు గానీ, ఆ ఉపాయం మామూలు మొత్తాలతో పనిచేయదు. అందుకే ఆ దంపతులు కుటుంబసభ్యులను, స్నేహితులను కలుపుకుని 500 డాలర్ల వాటాలతో ఒక సంస్థనే నమోదు చేశారు.

2005లో మిషిగన్ ఆ ఆటను ఆపేసింది. అప్పటికే మసాచుసెట్స్ రాష్ట్రంలో క్యాష్ విన్‌ఫాల్ పేరుతో అలాంటిదే మరొకటి నడుస్తోంది. అక్కడ టికెట్టు 2 డాలర్లు, అంకెలు 46, రోల్‌డౌన్ హద్దు 20 లక్షల డాలర్లు. ఎవర్ట్ నుంచి అక్కడికి సుమారు 1,450 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు విశాఖ నుంచి కొచ్చి దాకా రోడ్డు మీద వెళ్లినంత దూరం. డెబ్బైకి దగ్గరపడిన దంపతులు రోల్‌డౌన్ వచ్చే ప్రతిసారీ అంత దూరం కారులో వెళ్లి, దుకాణంలో యంత్రం ముందు గంటల తరబడి నిలబడి టికెట్లు ముద్రించుకునేవారు. తరువాత మోటెల్ గదిలో కూర్చుని, లక్షలాది టికెట్లను రోజుకు పది గంటల చొప్పున పది రోజుల పాటు కళ్లతో చూసి వేరుచేసేవారు. తగిలినవి ఒకవైపు, తగలనివి మరోవైపు. తగలనివాటిని పారేయడానికి లేదు, పన్ను అధికారులు అడిగితే చూపించాలి. వాటిని ఇంటి వెనక కొట్టంలో అరవైకి పైగా ప్లాస్టిక్ డబ్బాల్లో దాచారు. తొమ్మిదేళ్ల మొత్తం బహుమతులు 2.7 కోట్ల డాలర్లకు దగ్గరగా ఉన్నా, టికెట్ల ఖర్చు పోగా పన్నుకు ముందు బృందానికి మిగిలింది సుమారు 77.5 లక్షల డాలర్లు. అదృష్టం తలుపు తట్టడం అంటే ఏమిటో గానీ, ఇక్కడ జరిగింది మాత్రం గుమాస్తా పని.

ఆ డబ్బు ఎవరిది?

నేరం ఎందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు తేలిక. టికెట్లు డబ్బిచ్చి కొన్నారు, నియమం అందరికీ తెలిసినదే, డ్రాలో ఎవరూ వేలు పెట్టలేదు. 2012లో మసాచుసెట్స్ ఇన్‌స్పెక్టర్ జనరల్ (ప్రభుత్వ శాఖల్లో అక్రమాలను విచారించే అధికారి) ఇచ్చిన నివేదిక కూడా భారీ కొనుగోళ్ల వల్ల ఇతరుల గెలుపు అవకాశాలు తగ్గలేదని తేల్చింది. ప్రతి టికెట్టు మీదా రాష్ట్రానికి దాని వాటా ముట్టింది కాబట్టి ఖజానాకు నష్టం లేదు, పైగా లాభమే. సినిమా ఈ వాదనను హాయిగా అందుకుంటుంది. ఎవరూ నష్టపోని లాభం కంటే ప్రేక్షకుడికి ఇష్టమైనది ఇంకేముంటుంది?

కానీ బహుమతి సొమ్ము గాలిలోంచి ఊడిపడదు. జాక్‌పాట్ 20 లక్షలకు పేరుకోవాలంటే అంతకుముందు కొన్ని వారాల పాటు జనం టికెట్లు కొని ఓడిపోతూ ఉండాలి. దుకాణంలో పాలప్యాకెట్టుతో పాటు రెండు టికెట్లు కొనుక్కుపోయేవారు ఆ జనం. వారు మామూలు వారాల్లో పోసిన నీటిని, లెక్క తెలిసిన కొద్దిమంది రోల్‌డౌన్ వారంలో తోడుకున్నారు. గెలిచే అవకాశం తగ్గలేదన్న నివేదిక మాట నిజమే అయినా, రోల్‌డౌన్ సొమ్ము విజేతలందరికీ పంచాల్సినది కాబట్టి భారీ కొనుగోలుదార్లు చేరినకొద్దీ చిన్న ఆటగాడికి వచ్చే మొత్తం తగ్గుతుంది. పైగా 2010 ఆగస్టులో అక్కడి ప్రసిద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీ విద్యార్థుల నుంచి పుట్టిన మరో బృందం ఏకంగా ఏడు లక్షల టికెట్లు కొని, రోల్‌డౌన్ వస్తుందని ఎవరూ ఊహించని వారంలో జాక్‌పాట్‌ను బలవంతంగా హద్దు దాటించింది. ఆ వారం రోల్‌డౌన్ ఉందన్న సంగతి మిగతావారికి తెలిసే వీలే లేకపోయింది. 2011లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఈ వ్యవహారాన్ని బయటపెట్టాక, 2012 ఆరంభంలో ఆట మూతపడింది.

విశాఖ కాలనీల్లో నెలనెలా నడిచే చీటీతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. చీటీలో కూడా అందరి డబ్బూ ఒకచోట చేరి ఒకరి చేతికి వెళుతుంది. కానీ ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంతకు పాడుకున్నారో, ఆ తగ్గింపు ఎవరెవరికి పంచారో పుస్తకంలో ఉంటుంది. సభ్యుడు ప్రతివాడికీ ఒకసారి మొత్తం చేతికి అందుతుంది. నడిపేవారి కమిషన్‌కు కూడా 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం హద్దు పెట్టింది, 2019 సవరణతో అది 5 నుంచి 7 శాతానికి పెరిగింది. తొందరపడి పాడుకున్నవాడు ఎంత వదులుకున్నాడో పక్కవాడికి తెలుసు. లాటరీలో వదులుకున్నవాడికి పేరు లేదు, ముఖం లేదు. సినిమాకు కలిసొచ్చేది ఇదే.

ఓడినవారు లేని చిత్రం

లాటరీ నేపథ్యంలో వచ్చిన ఆహ్లాదకర చిత్రాలను వరసగా పెట్టి చూస్తే, గెలుపును చూపించే తీరు మారినా ఓడినవారిని చిత్రం నుంచి తప్పించే పని మాత్రం అన్నిటా ఒకేలా జరుగుతుంది. ‘వేకింగ్ నెడ్’లో టికెట్టు యజమాని గెలిచిన సంతోషంతోనే ప్రాణం విడుస్తాడు. వారసులు లేని ఆ సొమ్మును ఊళ్లోని 52 మందీ కలిసి పంచుకోవడానికి నాటకం ఆడతారు. యజమాని చనిపోయాడు కాబట్టి దోపిడీ అన్న భావన రాదు. అధికారులకు చెప్పేస్తానని బెదిరించిన ఒక్క మనిషిని కథ టెలిఫోన్ బూత్‌తో సహా కొండ మీంచి సముద్రంలోకి తోసేస్తుంది, ప్రేక్షకుడు నవ్వుతాడు. పంపకాన్ని ప్రశ్నించిన ఏకైక గొంతును హాస్యం పేరుతో తొలగించడం ఆ సినిమాలో అన్నిటికంటే నేర్పుగా జరిగిన పని.

1994 నాటి ‘ఇట్ కుడ్ హ్యాపెన్ టు యూ’ మరో దారి పట్టింది. హోటల్లో టిప్పు ఇవ్వడానికి చిల్లర లేని పోలీసు, లాటరీ తగిలితే సగం ఇస్తానని అక్కడ పనిచేసే అమ్మాయికి మాట ఇచ్చి, తగిలాక నిలబెట్టుకుంటాడు. దీనికి మూలం 1984లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన సంఘటన. వాస్తవంలో ఇద్దరూ కలిసి అంకెలు ఎంచుకున్నారు, 60 లక్షల డాలర్లు చెరిసగం చేసుకున్నారు, ప్రేమకథ లేదు. సినిమాలో ప్రేమ చేరింది, సొమ్ము మాట నిలబెట్టుకోవడానికి గీటురాయిగా మారింది.

జెర్రీ, మార్జ్‌ల సినిమా ఈ వరసలో భిన్నమైనదనే చెప్పాలి. ఇందులో గెలుపు దైవికం కాదు, కష్టార్జితంలా కనిపిస్తుంది. అయితే చేసిన మార్పులు ఏ దిశలో ఉన్నాయో గమనించాలి. అసలు కథలో పోటీదార్లు ఎంఐటీ నుంచి వస్తే, సినిమాలో వారు హార్వర్డ్ విద్యార్థులై, పొగరుబోతు ప్రతినాయకులయ్యారు. వాస్తవంలో లాభం పొందినది వాటాలు కొన్న బంధుమిత్రుల బృందం, సినిమాలో లాభపడేది ఊరు. రెండు బృందాలూ చేసిన పని ఒకటే. తరగతి గదిలో నేర్చిన గణితంతో చేస్తే దురాశ, వంటింటి బల్ల మీద చేస్తే తెలివి అన్నట్టుగా కథ విడదీస్తుంది. నష్టపోయిన వారి స్థానంలో ప్రతినాయకుడిని నిలబెట్టాక, ఆ సొమ్ము ఎక్కడిదని అడగాలని ప్రేక్షకుడికి తోచదు. పంపకం ఎంత విశాలంగా ఉంటే ఆ ప్రశ్న అంతగా మరుగునపడుతుంది. ఒక్కడే గెలిచి ఒక్కడే అనుభవించే కథ హాయినివ్వదు. ఇలాంటి సినిమాల్లో ఊరంతటికీ వాటా తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

తెర పడ్డాక

లాటరీ గెలిచినవారు చివరికి చెడిపోతారన్నది మరో చివర ఉన్న నమ్మకం. దానికి ఆధారంగా తరచూ చెప్పేది 1978లో అమెరికాలో వచ్చిన ఒక మనస్తత్వ అధ్యయనం. అందులో పరిశీలించినది 22 మంది విజేతలనే. స్వీడన్ విజేతలను పెద్ద సంఖ్యలో పరిశీలించి 2020లో ప్రచురించిన పరిశోధన ఇందుకు భిన్నమైన ఫలితం చెప్పింది. పెద్ద బహుమతి గెలిచినవారిలో జీవితం పట్ల సంతృప్తి పెరిగి, పదేళ్లు దాటినా నిలిచిందని అది తేల్చింది. ఇబ్బంది ఎక్కువగా చుట్టుపక్కల కనిపిస్తుంది. విజేతల పొరుగువారు గొప్పకు పోయి ఖర్చుచేసి అప్పులపాలయ్యే ధోరణిని కెనడాలో మరో అధ్యయనం గుర్తించింది. మన దగ్గర 2022లో కేరళ ప్రభుత్వ ఓణం బంపర్ లాటరీలో 25 కోట్లు గెలిచిన ఆటో డ్రైవరు, సాయం కోసం ఇంటి ముందు నిలిచే జనం తాకిడికి తట్టుకోలేక, ఇంత పెద్ద బహుమతి రాకపోయినా బాగుండేదని కొద్దిరోజులకే బహిరంగంగా వాపోయాడు. సినిమాలో ఊరు ఒకే గొంతుతో పండగ చేసుకుంటుంది. బయట ఊరు ఒక్కొక్కరుగా వచ్చి తలుపు తడుతుంది.

ఇక్కడ ఎందుకు లేదు, అక్కడ ఎందుకు ఉంది

ప్రభుత్వాలు నడిపే లాటరీలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 40వ అంశం కిందికి, జూదం, పందేలు రాష్ట్ర జాబితా 34వ అంశం కిందికి వస్తాయి. పార్లమెంటు 1998లో చేసిన లాటరీల నియంత్రణ చట్టం ఒంటి అంకె మీద బహుమతులను నిషేధించింది, ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రాకు మించి ఉండకూడదంది. పొద్దున కొని సాయంత్రానికి కూలి డబ్బు పోగొట్టుకునే ఒంటి అంకె ఆటల మీద అప్పట్లో వచ్చిన వ్యతిరేకత దీనికి నేపథ్యం. ఇతర రాష్ట్రాల టికెట్లను తమ దగ్గర నిషేధించే అధికారాన్ని ఆ చట్టం 5వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. అయితే తాను లాటరీ నడుపుతూ పొరుగు రాష్ట్రం టికెట్టును అడ్డుకోవడం కుదరదని 1999లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి రాష్ట్రాల ముందున్నవి రెండే దారులు. పూర్తిగా మూసేయడం ఒకటి, తలుపు తెరిచి అందరినీ రానివ్వడం మరొకటి. ఆంధ్రప్రదేశ్‌ది మొదటి దారి. తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో అదే దారి పట్టాయి.

1967లో లాటరీల శాఖ పెట్టిన కేరళది రెండో దారి. చిన్న ఏజెంట్లకు, దివ్యాంగులకు ఉపాధి, కారుణ్య పథకం ద్వారా పేదల వైద్యానికి నిధులు అనే వాదనలు అక్కడ బలంగా వినిపిస్తాయి. కానీ సరిహద్దు మనుషులను ఆపదు. 2023 ఓణం బంపర్ గెలిచిన టికెట్టు పాలక్కాడ్ జిల్లా వాళయార్ దగ్గర అమ్ముడైంది. కొన్నది తమిళనాడులోని తిరుప్పూర్‌కు చెందిన నలుగురు మిత్రులు, డబ్బులు కలిపి. 2024లో గెలిచినది కర్ణాటకకు చెందిన మెకానిక్. వరసగా రెండేళ్లు అత్యున్నత బహుమతి వెళ్లినది లాటరీని నిషేధించిన రాష్ట్రాలకే. నిషేధం అమ్మకాన్ని ఆపగలిగింది గానీ ఆశను ఆపలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

లాటరీ టికెట్టుకు చోటులేని ఆంధ్రప్రదేశ్‌లో డ్రా పద్ధతికి మాత్రం లోటు లేదు. 2024 అక్టోబరులో రాష్ట్రంలోని 3,396 ప్రైవేటు మద్యం దుకాణాల లైసెన్సులను జిల్లాల వారీగా, విశాఖతో సహా, డ్రా తీసి కేటాయించారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. వచ్చిన దరఖాస్తులు 89,882. దుకాణానికి సగటున 26 మంది పైచిలుకు పోటీ, దరఖాస్తు రుసుముల మీదే ఖజానాకు 1,797 కోట్ల రూపాయలు. బహుమతి నగదు కాదు, వ్యాపారం చేసే హక్కు కాబట్టి చట్టం దృష్టిలో ఇది లాటరీ కాదు. కానీ లెక్క దృష్టితో చూస్తే ఓడిన ప్రతి దరఖాస్తూ ఒక ఓడిన టికెట్టే. ఇక్కడ కూడా ఒక్క దరఖాస్తు వేసినవాడు దైవం మీద భారం వేశాడు, సిండికేట్లుగా ఏర్పడి పదుల సంఖ్యలో వేసినవారు సగటు మీద వేశారు. ఎవర్ట్ దంపతులకు తెలిసిన సూత్రం ఇక్కడి వ్యాపారులకు ఏ సినిమా చూడకుండానే తెలుసు.

ఆ ఉపాయం ఇక్కడ పారదెందుకు

కేరళకు వెళ్లి వేల టికెట్లు కొంటే? అక్కడే అసలైన అడ్డంకులు ఎదురవుతాయి. మొదటిది ఆట తయారీ. కేరళ టికెట్టు మీద నంబరు ముందే అచ్చయి ఉంటుంది, బహుమతులు ఎన్ని, ఎంతెంత అనేది ముందే ప్రకటిస్తారు. పేరుకుపోయి కిందికి పారే జాక్‌పాట్ ఉండదు. అంటే ఫలానా వారం టికెట్టు దాని ధర కంటే విలువైనదయ్యే సందర్భమే రాదు. 500 రూపాయల ఓణం బంపర్ టికెట్లు 2024లో 71 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 25 కోట్ల మొదటి బహుమతిని వాటితో భాగిస్తే, కొన్న ప్రతి 500లో ఆ పెద్ద కలకు వెళ్లేది 35 రూపాయలే. మిగతాది చిన్న బహుమతులకు, ఏజెంట్ల కమిషన్‌కు, ప్రభుత్వానికి, జీఎస్టీకి పోతుంది. జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి చేరింది. ఎక్కువ టికెట్లు కొనడం ఇక్కడ నష్టాన్ని ఖాయం చేసుకోవడమే.

రెండో అడ్డంకి పన్ను. ఇది అంతగా చర్చకు రాదు గానీ దీని బలమే ఎక్కువ. అమెరికాలో ఆ దంపతులు ఓడిన టికెట్లను డబ్బాల్లో దాచింది వాటి ఖర్చును గెలిచిన సొమ్ములోంచి మినహాయించుకోవడానికి. పన్ను నికర లాభం మీదే పడింది. భారత ఆదాయపన్ను విధానంలో లాటరీ గెలుపు మీద 30 శాతం పన్ను, ఆపై సర్‌చార్జీ, సెస్ ఉంటాయి. దాన్ని సంపాదించడానికి పెట్టిన ఖర్చుకు ఎలాంటి మినహాయింపూ ఉండదు. 1961 నాటి చట్టంలో 115బీబీ, 58(4) సెక్షన్లు పెట్టిన కట్టుదిట్టం ఇది. కోటి రూపాయల టికెట్లు కొని 1.20 కోట్ల బహుమతులు గెలిచిన బృందం ఒకటి ఉందనుకుంటే, దాని నిజమైన లాభం 20 లక్షలు. పన్ను మాత్రం 1.20 కోట్ల మీద, అంటే 36 లక్షలు. గెలిచి 16 లక్షలు నష్టపోయినట్టు. రోల్‌డౌన్ లాంటి నియమం రేపు ఇక్కడ ఎవరైనా ప్రవేశపెట్టినా, ఈ పన్ను విధానం కింద దాన్ని తోడుకోవడానికి లెక్కలు తెలిసినవారెవరూ ముందుకు రారు.

ఒక్క టికెట్టుతో గెలిచినవారి లెక్క కూడా చూడాలి. 25 కోట్ల బహుమతిలో ఏజెంటు కమిషన్ 10 శాతం, 2.5 కోట్లు పోతుంది. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం, 6.75 కోట్లు పన్నుగా ముందే కోసుకుంటారు. ఖాతాలో పడేది 15.75 కోట్లు, ఆపై సర్‌చార్జీ, సెస్ విజేత స్వయంగా కట్టాలి. ఈ క్రమంలో గమనించాల్సినది పన్ను బహుమతిలోంచే తీసుకుంటారన్న సంగతి. ముందుగా కొంత సొమ్ము పంపితే బహుమతి విడుదల చేస్తామని విశాఖవాసుల ఫోన్లకు వచ్చే వాట్సాప్ సందేశాలు ఈ ఒక్క కారణంతోనే బూటకమని తేల్చవచ్చు. కేరళ ప్రభుత్వం తన టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్మదు, గెలిచినవారు అసలు టికెట్టు కాగితాన్ని డ్రా జరిగిన 30 రోజుల్లోగా సమర్పించాలి. చేతిలో కాగితం లేని లాటరీ ఎవరికీ తగలదు. సొమ్ము పంపి మోసపోయినవారు వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేస్తే, అది అవతలి ఖాతా దాటకముందే నిలిపివేయించే వీలుంటుంది.